దశమభాగానికి చేబదులా?

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయన మెకానిక్, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ కలిపి నెలకు 46,000 వస్తుంది. అందులో పదో వంతు, అంటే చర్చికి ఇచ్చే దశమభాగం 4,600 ఏ నెలా తప్పలేదు. ఆడబిడ్డ పెళ్లికి చేసిన 1,80,000 అప్పు రెండు రూపాయల వడ్డీకి నడుస్తోంది. నాలుగు తులాల బంగారం ఉంది. జూన్‌లో పిల్లల ఫీజులు కట్టేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. పక్కింట్లో చేబదులు తీసుకుని దశమభాగం ఇచ్చాను. ఆ నెల అత్తమ్మ బీపీ, షుగర్ మాత్రలు సగమే తెచ్చాం. పైగా మందిర నిర్మాణానికి క్రిస్మస్ లోపు 50,000 ఇస్తానని సంఘంలో మాటిచ్చాను. అప్పు తీరేదాకా కానుకలు ఆపమని ఆయన గొడవ. ఏం చేయాలి? ఇచ్చినదానికి పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు మీవారికి ఒక మాట. మీ ఇంటికి చిల్లు పడింది కానుక సంచి దగ్గర కాదు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,600, ఏడాదికి 43,200. అన్ని కట్టినా అసలు పైసా తగ్గదు. బీరువాలో ఉన్న బంగారం బ్యాంకులో పెడితే రూపాయి లోపు వడ్డీకే అప్పు దొరుకుతుంది. దాంతో పాత అప్పు తీర్చేయండి. నెలకు 1,800కి పైగా మిగులుతుంది. అది ఖర్చుల్లో కలిసిపోకుండా నెలనెలా అసలుకే జమ చేయండి.

ఇక మీ సంగతి. కానుక ఆపమని నేను చెప్పను. ఎంత ఇవ్వాలన్నది మీ విశ్వాసం. కానీ చేబదులు తెచ్చి ఇవ్వడం మాత్రం మానేయండి. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే కానుక అని కొరింథీయులకు రాసింది పౌలే కదా. చేతిలో 500 ఉన్న నెల 500 ఇవ్వండి. మిగతాది బాకీ అని రాసిపెట్టుకోకండి.

అత్తమ్మ మాత్రల దగ్గర నాకు కొంచెం కష్టమనిపించింది. మార్కు సువార్త 7వ అధ్యాయం ఇంకోసారి తీయండి. ‘ఇది కొర్బాను, దేవునికి అర్పించేశాను’ అంటూ తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్లను యేసు ఎలా నిలదీశాడో అక్కడుంది. మీరు ఎగ్గొట్టారని అనడం లేదు, ఆ నెల మీ ముందు దారి కనిపించలేదంతే. జీతం పడిన రోజే రెండు కవర్లు పెట్టండి, ఒకటి మాత్రలకు, ఒకటి కానుకకు. మాత్రల కవరు ముందు నింపండి. బైబిల్లోని మోషే ధర్మశాస్త్రంలో మూడో ఏటి దశమభాగం పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు కూడా చెందేది. కాబట్టి మందిరానికి ఇచ్చిందే లెక్క అనుకోనక్కర్లేదు.

ఇస్తే నూరంతలు తిరిగొస్తుందని టీవీలో చెబుతుంటారు. లెక్కలు చూసే నాలాంటివాడికి అది చీటీ కట్టించుకోవడంలాగే వినిపిస్తుంది. అనంతపురం వాళ్లకు చిన్న మొత్తాల విలువ నేను చెప్పాలా? 1969లో స్పెయిన్‌కు చెందిన ఫాదర్ ఫెర్రర్ మీ జిల్లాకు వచ్చాక, ఆయన పెట్టిన సేవా సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కట్టిన బళ్ల వెనక, ఆస్పత్రుల వెనక స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బుంది. వాళ్లు అప్పు చేసి పంపారని నేననుకోను. మన సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్కన పెట్టేదీ ఇంట్లో ఉన్న బియ్యంలోంచే.

50,000 మాట గురించి పాస్టర్ గారిని కలవండి, మీవారితో కలిసి వెళ్లండి. బంగారం విడిపించాక నెలకు 1,000 చొప్పున ఇస్తామని చెప్పండి. ఇలా అడిగే ఇళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటాయి, సిగ్గుపడాల్సింది లేదు.

పన్ను మినహాయింపు రాదు. కేవలం మతపరమైన పనులకిచ్చే కానుకకు విరాళాల మీద ఇచ్చే మినహాయింపు వర్తించదు. ఎలాగూ ఈ జీతాలకు మీ ఇద్దరిలో ఎవరికీ పన్ను పడదు.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఆధార్, పాన్ తీసుకెళ్లండి. మధ్యలో అసలు కొంచెం కొంచెంగా కట్టుకోవచ్చో లేదో సంతకం పెట్టకముందే అడగండి. పాత అప్పు తీర్చిన రోజే ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి.