బొట్టు కోసం వంతెన దాటుతున్నాం

"కెనడా అన్ని మతాలనీ కలుపుకుపోతుందంటారు, మరి క్యూబెక్‌లో టీచర్లు మత చిహ్నాలు పెట్టుకోకూడదట. ఇది మనలాంటి వాళ్ల మీద కోపమేనా? మా ఆవిడ టీచర్, రావచ్చా?" అని అడిగారు కదా.

మేముండేది గాటినోలో, అంటే క్యూబెక్ రాష్ట్రంలో. నది దాటితే ఒట్టావా, అది అంటారియో రాష్ట్రం. మా ఆవిడా లెక్కల టీచరే. ప్రభుత్వ బళ్లలో టీచర్లు, పోలీసులు, ప్రభుత్వ లాయర్లు డ్యూటీలో మత చిహ్నాలు ధరించకూడదని 2019 జూన్‌లో ఇక్కడ చట్టం వచ్చింది. ఆ ఏడాది మార్చి 27 నాటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అదే పోస్టులో ఉన్నంతకాలం మినహాయింపు. తను అప్పటికింకా చేరలేదు. బొట్టు మత చిహ్నమా, అలంకారమా? చట్టంలో వస్తువుల జాబితా లేదు. నలుగురిని అడిగితే నాలుగు జవాబులు. ఆ టెన్షన్ మనకెందుకని ఒట్టావాలో చేరింది.

మొదట్లో నేనూ కోపమే అనుకున్నా. మా పక్కింటి పెద్దావిడతో మాట్లాడాక కొంత అర్థమైంది. 1960ల దాకా ఇక్కడ బళ్లు, ఆసుపత్రులు చాలావరకు కాథలిక్ చర్చి చేతిలోనే ఉండేవి. రెండేళ్లు కాన్పు లేకపోతే పాదిరీ ఇంటికొచ్చి వాళ్లమ్మని నిలదీసేవాడట. వీళ్లు పదకొండుమంది. తరగతి గదిలో హిజాబ్ చూస్తే ఆవిడకు చిన్నప్పుడు బెత్తం పట్టుకున్న నన్‌లే గుర్తొస్తారట. శాసనసభలో 1936లో పెట్టిన శిలువను కూడా ఈ చట్టం వచ్చాకే తీశారు.

అలాగని నేను చట్టాన్ని సమర్థించను. 2008లో క్యూబెక్ ప్రభుత్వమే వేసిన బుషార్-టేలర్ కమిషన్ ఇలాంటి నిషేధం జడ్జీలు, పోలీసుల వంటి వాళ్లకు చాలంది, టీచర్ల జోలికి పోవద్దంది. 2019లో అప్పటి ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) లెగో ప్రభుత్వం టీచర్లనూ కలిపింది. పైగా హక్కుల చార్టర్ కింద కోర్టు కొట్టేయకుండా ముందే రాజ్యాంగంలోని 33వ సెక్షన్ వాడేసింది, అంటే చార్టర్‌లోని కొన్ని హక్కులకు విరుద్ధమైనా చట్టం నిలబడేలా చేసే సెక్షన్. తప్పు లేదనుకుంటే ఆ గొడుగెందుకు?

మన మీదే గురి అనుకోకండి. తాళి లోపలికి తోసుకుంటే ఎవరూ వెతకరు, సిక్కు తలపాగా ఎక్కడ దాస్తాడు? ఎక్కువ దెబ్బ తగిలింది హిజాబ్ వేసుకునే ఆడవాళ్లకి.

రావచ్చండీ. ప్రైవేటు బళ్లను ఆ 2019 చట్టం ముట్టుకోలేదు. మాలాగా నది దాటాలనుకుంటే మాత్రం అంటారియో టీచర్ సర్టిఫికెట్ వేరు, ఇండియా నుంచే అప్లై చేసి రండి.