లెక్కల టీచరమ్మను అడగండి: ఆలోచనకు మార్కులు వేసేదెలా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. సర్వీసు నాలుగేళ్లు. పిల్లల్లో ‘విమర్శనాత్మక ఆలోచన’ను కూడా మూల్యాంకనం చేయాలని మొన్న ట్రైనింగులో అన్నారు. ఎలాగో మాత్రం పీపీటీ అయిపోయేలోపు తేలలేదు. జవాబు తప్పో ఒప్పో చూసి మార్కు వేయడం నాకు తెలుసు. ఆలోచనకు మార్కు వేస్తే, రేపు ఎవరో వచ్చి ‘మావాడికి రెండెందుకు, పక్కవాడికి ఐదెందుకు’ అంటే ఏం చూపించాలి? పదిలోనే 42 మంది ఉన్నారు.
– ఒక స్కూల్ అసిస్టెంట్, నల్గొండ జిల్లా

జవాబు: బాబూ, మాట కొత్తగా వినిపిస్తోంది గానీ సరుకు పాతదే. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) వచ్చినప్పుడే పదో తరగతి లెక్కల్లో సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం–నిరూపణకు 20 శాతం అంటూ భారత్వం పంచారు. ఆ 20 శాతం ఏమైందో మనిద్దరికీ తెలుసు. √2 కరణీయ సంఖ్య (అంటే రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది) అని నిరూపించమంటాం. పిల్లలు గైడులో ఉన్నది కామాలతో సహా దించేస్తారు. మనం నిరూపణ ఖాతాలో మార్కులు వేసేస్తాం. అక్కడ కొలిచింది జ్ఞాపకశక్తిని.

నాకీ సంగతి తెలిసొచ్చేసరికి సర్వీసు సగం అయిపోయింది. ఒకసారి స్లిప్ టెస్టులో ప్రశ్నను కాస్త తిప్పాను. ‘√2 నిరూపణలో 2 ఉన్నచోటల్లా 4 పెట్టి రాస్తే √4 కూడా కరణీయ సంఖ్యే అని వస్తుంది. కానీ √4 అంటే 2 కదా! తప్పు ఏ లైనులో ఉంది?’ అని. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి పేజీన్నర రాసి, చివర ‘కావున √4 కరణీయ సంఖ్య’ అని కింద రెండు గీతలు కొట్టి మరీ ఇచ్చింది. ఎప్పుడూ పాసు మార్కుల చుట్టూ తిరిగే ఒక పిల్లాడు మాత్రం ఒక్క లైనుకు బాణం గీశాడు. ‘లవం వర్గాన్ని 4 భాగిస్తుంది కాబట్టి లవాన్ని కూడా 4 భాగిస్తుంది’ అన్న లైను అది (నిరూపణ మొదట్లో √4ను ఒక భిన్నం అనుకుంటాం, దాని పై సంఖ్యే లవం). పక్కన ఇలా రాశాడు: ‘లవం 2 అనుకున్నా టీచర్. 2 వర్గం 4. దాన్ని 4 భాగిస్తది. 2ను భాగించదు.’ అంతే, ఇంకో ముక్క లేదు.

ఐదు మార్కుల ప్రశ్న అది. ఆ పిల్లాడికి ఐదు వేశాను. తప్పు లైను పట్టుకుని, ఎందుకు తప్పో చెప్పలేనివాళ్లకు మూడు. ‘√4 = 2, కాబట్టి కరణీయం కాదు’ అని ఊరుకున్నవాళ్లకు ఒకటి, ఎందుకంటే అది ప్రశ్నలోనే ఉంది. పేజీన్నరకు సున్నా. ఆ సున్నా వేయడానికి నాకు చెయ్యి రాలేదు, రెండు రోజులు ఆ పేపరు బ్యాగులోనే పెట్టుకు తిరిగాను.

అసలు కథ తర్వాత జరిగింది. బోర్డు మీద నేను ధీమాగా ‘2 ప్రధాన సంఖ్య, 4 కాదు, అందుకే కుదరలేదు’ అని ముగించబోతుంటే, వెనక నుంచి ఒక పిల్ల ‘6 కూడా ప్రధాన సంఖ్య కాదు కదా టీచర్, √6కు ఎట్ల కుదురుతుంది?’ అంది. నిజమే. ఒక సంఖ్య వర్గాన్ని 6 భాగిస్తే ఆ సంఖ్యనూ 6 భాగిస్తుంది. 6లో 2, 3 ఒక్కోసారే ఉన్నాయి. 4లో 2 రెండుసార్లు ఉంది. తేడా అక్కడుంది. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు ‘రేపు చూద్దాం’ అని బయటపడ్డాను. టీచరు చెప్పిన కారణాన్నే ఒక్క ఉదాహరణతో పడగొట్టింది. మీ ట్రైనింగులో చెప్పిన ఆలోచన అదే. ఏడాది మధ్యలో చేసే ఫార్మేటివ్ మూల్యాంకనంలో ‘భాగస్వామ్యం–ప్రతిస్పందనలు’ అనే కాలమ్ ఉన్నది ఇలాంటివి రాసుకోవడానికే. (దాన్ని కూడా స్లిప్ టెస్టు మార్కులు చూసి నింపేస్తారనుకోండి, అది వేరే గొడవ.)

అయితే ఒక ప్రశ్న ఒక్క ఏడాదే పనిచేస్తుంది. మరుసటి ఏడాదికి √4 కథ సీనియర్ల నోట్సులోకి ఎక్కేసింది. అప్పుడు √8 ఇచ్చాను. √8 నిజంగానే కరణీయ సంఖ్య. కానీ పాత నిరూపణలో 2 తీసి 8 పెడితే చెల్లదు: 4 వర్గం 16ను 8 భాగిస్తుంది, 4ను భాగించదు. జవాబు ఒప్పు, దారి తప్పు. తప్పో ఒప్పో చూసి మార్కు వేయడం ఇక్కడ పనిచేయదు చూడండి.

ఎనిమిదో తరగతికి ఇంత అక్కర్లేదు. ‘చుట్టుకొలత పెరిగితే వైశాల్యం కూడా పెరుగుతుంది’ అని బోర్డు మీద రాసి, ఒప్పుకుంటారా అని అడగండి. 6, 6 భుజాలకు చుట్టుకొలత 24, వైశాల్యం 36. 10, 3 భుజాలకు చుట్టుకొలత 26, వైశాల్యం 30. ఇలాంటి ఒక్క జత తెచ్చినవాడికి పూర్తి మార్కులు. పది ఉదాహరణల్లో పెరిగిందని చూపించి ఒప్పుకున్నవాడికి ఎందుకు తక్కువో వాడితోనే మాట్లాడండి.

ఆలోచించకుండా లెక్క చేసేయడం మన పిల్లల జబ్బే అనుకోకండి. అమెరికాలో 1980ల మొదట్లో పదమూడేళ్ల పిల్లలను ఒక లెక్క అడిగారు: 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? నూటికి 70 మంది భాగహారం సరిగ్గానే చేశారు. 32 బస్సులన్నది మాత్రం 23 శాతమే. 29 శాతం ‘31, శేషం 12’ అని రాశారు. నేను దీన్ని ఆటోలకు మార్చాను: 50 మంది, ఆటోకు 8 మంది. ఒకడు ‘6 ఆటోలు చాలు, మిగతా ఇద్దరు ఒళ్లో కూర్చుంటారు’ అని రాశాడు. పూర్తి మార్కులు వేశాను. స్టాఫ్ రూములో నవ్వారు. శేషం 2 అంటే ఇద్దరు మనుషులని తెలిసి రాశాడు కదా, 7 అని రాసినవాడికన్నా ఏం తక్కువ?

ఇక తల్లిదండ్రుల సంగతి. ప్రశ్న ఇచ్చే ముందే దేనికెన్ని మార్కులో బోర్డు మీద రాసేయండి. మొదటిసారి మూడు జవాబులు, పేర్లు చెప్పకుండా, పిల్లల చేతే దిద్దించండి. వాళ్లు మనకన్నా పిసినారులు. ఆ పేపర్లు దాచి పెట్టుకోండి, ఎవరైనా వస్తే రెండు మార్కుల పేపరూ ఐదు మార్కుల పేపరూ పక్కపక్కన చూపిస్తే సరిపోతుంది. 42 మందినీ ప్రతివారం గమనించాలని టెన్షన్ పడకండి. వారానికి ఏడెనిమిది మంది చాలు, రెండు నెలల్లోపే క్లాసంతా ఒక చుట్టు తిరుగుతుంది. ఇంగ్లిషు మీడియం పిల్లలు కారణం రాయమంటే పెన్ను ఆపేస్తారు, వాళ్లను తెలుగులో రాయనివ్వండి.

√8 ఇచ్చాక, పిల్లలు బాణం ఏ లైనుకు గీశారో నాకు ఒక ఉత్తరం రాయండి.