యుంకర్స్ 88: ఐదు ముందొచ్చి నాలుగు వెనకొచ్చిన కథ

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ బాంబర్ యుంకర్స్ 88లో ఏ-5 రకానికి, ఐసీఎం అనే కంపెనీ వాళ్ల 1/48 స్కేల్ (అసలులో 48వ వంతు) బొమ్మ కిట్ కొన్నాను. నా దగ్గర ఏ-4 రకానికి డెకాల్స్ (విమానం మీద అతికించే గుర్తులు) ఉన్నాయి. ఏ-5 అంటే ఏ-4 కన్నా కొత్తది కదా, కొత్తగా పెట్టినవేవో పీకేస్తే ఏ-4 అయిపోతుందా సార్?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: తిరకాసంతా అక్కడే ఉందండీ. నంబరు చూసి మోసపోయారు, నేనూ మొదట్లో అలాగే పోయాను. ఏ-4ని కాగితం మీద ముందే గీసుకున్నారు, పొడుగు రెక్కలూ కొత్త యూమో 211జే ఇంజన్లూ పెట్టాలని ప్లాను. రెక్కలు రెడీ అయ్యాయి గానీ ఇంజన్లు టైముకి రాలేదు, యుద్ధం ఆగుతుందా, సరే ఆ కొత్త రెక్కలకి పాత ఇంజన్లే తగిలించి పంపేద్దాం అన్నారు, అదే ఏ-5. 1940లో ఇంగ్లండ్ మీద దాడులకి ఏ-1లతో పాటు వెళ్లింది ఇదే, ఏ-4లు యూనిట్లకి దండిగా అందింది ఆ తర్వాతే. పెళ్లికూతురు రెడీ, పెళ్లికొడుకు ట్రైన్ లేటు, అలా అనుకోండి.

కాబట్టి మీరు పీకాల్సింది ఏమీ లేదు, కలపాల్సిందే ఉంది. రెక్కల జోలికి వెళ్లక్కర్లేదు, రెండింటికీ అవే, అసలు విమానానికి ఈ చివర నుంచి ఆ చివరకి 20 మీటర్ల చిల్లర, మీ బల్ల మీద దాదాపు 42 సెంటీమీటర్లు (అల్మరా కొలుచుకున్నారా?). మారేది ఇంజన్ దగ్గర: 211జేకి ఇంటర్‌కూలర్ (ఇంజన్లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) వచ్చింది, దానికి గాలి పీల్చుకునే నోరు ఇంజన్ కింద వైపు ఉబ్బుగా కనిపిస్తుంది. ప్రొపెల్లర్ కూడా, ఏ-4లకి ఎక్కువగా వెడల్పు రేకుల చెక్క ప్రొపెల్లర్లు ఉంటాయి. ఇక కాక్‌పిట్ వెనక అద్దంలో తుపాకుల కోసం రెండు గుండ్రటి ఉబ్బులు. కొన్ని ఏ-5లకి ఇవి తర్వాత బిగించారు కాబట్టి ఉబ్బులు ఒక్కటే చూసి ఏ-4 అని తేల్చేయొద్దు. ఈ మూడూ చెక్కుకునే ఓపిక లేకపోతే ఏ-5గానే కట్టి దానికి తగ్గ డెకాల్స్ కొనుక్కోండి, నా మాటైతే అదే.

ఇంకోటి, పాత ఏ-1తో పోల్చాలంటే రెక్క కొస చూడండి. ఏ-1కి ఐలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చడానికి రెక్క వెనక అంచున కదిలే పలక) కొస దాకా పోతుంది, తర్వాతి వాటికి ఐలరాన్ దాటి ఇంకొంచెం రెక్క ఉంటుంది. ఫొటో ఎంత మసగ్గా ఉన్నా ఇది మాత్రం దొరికిపోతుంది.

ప్రశ్న: ఇంజన్ ముందు గుండ్రంగా ఉంది కదా, రేడియల్ ఇంజనేనా (సిలిండర్లు చుట్టూ చక్రంలా పేర్చినది)?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదండీ, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఆ గుండ్రంగా కనిపించేది రేడియేటర్, కారుకి ముందు ఉంటుందే, దాన్నే ఉంగరంలా చుట్టి పెట్టారు. వెనకాల ఉన్నది తలకిందులుగా వేలాడే 12 సిలిండర్ల వీ ఇంజన్. అందుకే లోపల సిలిండర్లు వేయబోకండి, జల్లెడ లాంటి రేడియేటర్ ముఖానికి నల్లరంగు వేసి పైన సిల్వర్ రంగుని దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో అలా అలా తాకించండి చాలు.

ప్రశ్న: ముందున్న గాజు ముక్కు అతికించాక తెల్లగా పొగపట్టింది, ఏం చెయ్యాలి? అసలు అన్ని అద్దాలెందుకు దీనికి?
– ఓ ఇంటర్ కుర్రాడు, కాకినాడ

జవాబు: సూపర్ గ్లూ వాడావా బాబూ? ఆ ఆవిరే అద్దం మీద కూర్చుంటుంది. నేను ఇలాగే రెండు వారాలు కష్టపడి కాక్‌పిట్ లోపల బెల్టులు సహా చేసి, చివర్లో తొందరపడి ఒక్క చుక్క వేశా, పొద్దున్న లేచి చూస్తే శుక్లం వచ్చిన కన్నులా ఉంది, మా ఆవిడ "మంచు తుఫానులో ఎగురుతోందా" అంది. బయట వైపు తేలిగ్గా పట్టి ఉంటే టూత్‌పేస్ట్‌తో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దు, పోతుంది. లోపల పడితే ఊడదీయాల్సిందే. ఈసారి ఫెవికాల్ వాడు, తెల్లగా కనిపిస్తుంది గానీ ఆరాక మాయమైపోతుంది. ఫ్రేములకి ముందు కాక్‌పిట్ లోపలి రంగు కొట్టి, ఆరాక పైన ఆకుపచ్చ కొట్టు, అప్పుడు అద్దంలోంచి చూస్తే లోపల కూడా రంగు వేసినట్టే ఉంటుంది.

అద్దాల సంగతంటావా, నలుగురు సిబ్బందినీ ఆ ముందు భాగంలోనే కుక్కారు మరి. నిజానికి ఇది మొదట వేగంగా పారిపోయే బాంబర్‌గా పుట్టింది, తొలి నమూనా ఎగిరింది 1936 డిసెంబర్ 21న, 1939 మార్చిలో ఒక నమూనా 2,000 కిలోల బరువుతో 1,000 కిలోమీటర్ల దూరం సగటున గంటకి 517 కిలోమీటర్ల వేగంతో తిరిగి రికార్డు కూడా కొట్టింది. తర్వాత జర్మన్ వైమానిక దళంలోని ఉడెట్ లాంటి పెద్దలు ఇది డైవ్ కూడా కొట్టాలని (నిటారుగా కిందికి దూకుతూ బాంబులు వేయాలని) పట్టుబట్టారు, దాంతో రెక్కల కింద బ్రేకులు, బలమైన నిర్మాణం, బరువు పెరిగింది, పెద్ద బాంబులు బయట వేలాడదీశారు, ఆ రికార్డు స్పీడు ఇక కలలోకే. నీ కిట్‌లో రెక్క కింద జల్లెడ పలకల్లాంటివి రెండు ఉంటాయి చూడు, అవే ఆ బ్రేకులు. విమానాన్ని చక్రాల మీద నిలబెట్టేటట్టయితే వాటిని మూసే అతికించు, తెరిచి పెడితే బోర్లా దూకుతున్నట్టు చూపించాలి, దానికి స్టాండు కావాలి.