బాపు నంబర్‌కి ఇంకా రీచార్జ్ చేస్తున్నా, నాకు పిచ్చి లేస్తుందా?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె, పెళ్ళయినంక హైదరాబాద్‌ల ఉంటున్నం. ఏడు నెలల కింద మా బాపు నిద్రలోనే హార్ట్ ఎటాక్‌తో పోయిండు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ చేసిండు, బాబుని పండవెడుతున్న, పొద్దున చేద్దాంలే అని ఎత్తలే. తెల్లారకముందే తమ్ముడు ఫోన్ చేసిండు. ఇప్పటికీ 28 రోజులకోసారి బాపు నంబర్‌కి రీచార్జ్ చేస్తున్న, అప్పుడప్పుడు రింగ్ ఇస్త, ఊర్ల బీరువాల మోగుతది. ఇంకెన్నాళ్ళు ఏడుస్తవని మా ఆయన విసుక్కుంటుండు.

జవాబు: పిచ్చి కాదమ్మా, ముందు ఆ భయం తీసేయండి. పోయినవాళ్ళ చొక్కా ఉతక్కుండా దాచుకునేవాళ్ళు, పళ్ళెంలో ఇంకో ముద్ద పక్కన పెట్టేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు, మా అమ్మ కళ్ళద్దాల డబ్బా నా టేబుల్ సొరుగులో ఇప్పటికీ ఉంది. మనిషి పోయినంత మాత్రాన బంధం పోదు కదా, దాన్ని పెట్టుకోడానికి ఒక చోటు వెతుక్కుంటాం, మీకు ఆ నంబర్ దొరికింది.

ఇక మిమ్మల్ని నిజంగా తినేస్తున్నది ఆ ఎత్తని కాల్, అవునా? మీ ఉత్తరంలోనే ఇంకో చోట రాశారు, బాపు రోజూ అదే టైమ్‌కి చేసి "తిన్నవా బిడ్డా, పిలగాడు తిన్నడా" అని రెండు ముక్కలు అడిగి పెట్టేసేవారని, ఆ రాత్రి కూడా పదకొండు దాకా అమ్మతో పొలం సంగతి మాట్లాడుతూనే ఉన్నారని. అంటే అది కాపాడమని చేసిన ఫోన్ కాదమ్మా, రోజూ వచ్చే ఫోనే, రోజూ ఉంటారన్న నమ్మకంతోనే మీరు రేపు చేద్దాం అనుకున్నారు, ఆయనా అట్లే అనుకుని పడుకుని ఉంటారు. తప్పు చేశానన్న బాధ వాదిస్తే పోదు, నాకు తెలుసు. అందుకే ఆ రాత్రి ఏం చెప్పేవారో బాపుకి ఒక ఉత్తరం రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు.

మీవారికి ఒక మాట చెప్పండి. మన పెద్దవాళ్ళు నెలనెలా మాసికాలు, తర్వాత సంవత్సరీకం పెట్టి ఏడాది పాటు ఆ ఇంట్లో పండుగ కూడా చెయ్యకుండా ఎందుకు ఉంచారు, దుఃఖానికి కనీసం అంత టైమ్ కావాలని వాళ్ళకి తెలుసు కాబట్టే అని నా నమ్మకం. దుఃఖానికి ఉంటాయని అందరూ చెప్పే ఆ ఐదు దశలు (నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) కూడా, 1969లో కుబ్లర్ రాస్ అనే డాక్టర్ చావుకి దగ్గరైన రోగులని చూసి రాసినవి, వరసగా దాటాల్సిన మెట్లు కావవి. ఒకరోజు బాబుతో పడీపడీ నవ్వుతారు, మర్నాడు కూరగాయల బండి దగ్గర ఏడుపొస్తుంది, రెండూ సరైనవే, నవ్వినందుకు బాపుకి ద్రోహం చేసినట్టు కాదు.

కానీ తిండి నిద్ర పూర్తిగా పోయినా, బాబుని చూసుకోలేకపోతున్నా, ఏడాది దాటాక కూడా రోజంతా అదే ధ్యాసలో ఏ పనీ సాగకపోయినా డాక్టర్‌ని కలవాలి. ఇక బాపు దగ్గరికే పోవాలనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఆ క్షణమే 14416కి చేయండి, మనసు బాగాలేనివాళ్ళకి ప్రభుత్వం వాళ్ళ హెల్ప్‌లైన్ అది, పేరు టెలిమానస్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి, మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే తట్టింది. రీచార్జ్ మీరు చేస్తున్నారు సరే, ఏడు నెలలుగా బీరువాలో ఉన్న ఫోన్ ఇంకా మోగుతోందంటే దానికి చార్జింగ్ ఎవరు పెడుతున్నట్టు? అమ్మే అయ్యుంటుంది. మీరు రింగ్ ఇచ్చినప్పుడల్లా ఆవిడ వింటూనే ఉండి ఉంటుంది, మీరేమో అమ్మ బాధపడుతుందని ఆ మాటే ఎత్తట్లేదు, ఆవిడా మీ గురించి అట్లే అనుకుంటుందేమో. ఈ ఆదివారం బాబుని తీసుకుని ఊరెళ్ళండి. బాపు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉంటే వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి, రీచార్జ్ ఆగిపోతే ఎప్పటికో ఆ నంబర్ కంపెనీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది, అప్పుడు కొత్త గొంతు వినపడితే తట్టుకోలేరు. తర్వాత బీరువా తెరిచి, ఫోన్ బయటికి తీసి, అమ్మ పక్కన కూర్చోండి.