పాఠకుల ప్రశ్నలు: తాబేలు తిరిగే చోట ఏ మొక్కలు?

ప్రశ్న: గడ్డి మేసే జాతి నేల తాబేలుకి పెరట్లో ఆవరణ కడుతున్నాం. కంచె బయట గన్నేరు ఉంది. లోపల లేదు కాబట్టి ఫర్వాలేదా? లోపల ఏం నాటాలి?

జవాబు: ఫర్వాలేదనుకోకండి. గన్నేరులో వేరు నుంచి పువ్వు దాకా గుండె లయను చెడగొట్టే విషం ఉంటుంది, ఎండి రాలిన ఆకులోనూ అది పోదు. గాలికి నాలుగాకులు కంచె దాటి పడితే చాలు, తాబేలు వాటిని గడ్డితో పాటే నమిలేస్తుంది. చెట్టునైనా తీసేయండి, ఆవరణనైనా దూరంగా జరపండి. కొమ్మలు కత్తిరించి ఊరుకుంటే సరిపోదు. పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం, గురివింద, జిల్లేడు, లాంటానా, రణపాల కూడా దగ్గర్లో ఉండకూడదు. అందం కోసం పెట్టే డిఫెన్‌బాకియా, కలేడియం ఆకుల్లో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, వాటికి నోరూ గొంతూ వాచిపోతాయి.

లోపల నేలంతా గరిక పరవండి, ఎంత మేసినా మళ్ళీ చిగురిస్తుంది. మధ్యలో ఒకట్రెండు మందార పొదలు వేస్తే నీడా వస్తుంది, రాలిన పువ్వులు, ఆకులు మేతా అవుతాయి. మల్బరీని కంచె బయట నాటి కొమ్మల్ని లోపలికి వాలనివ్వండి, అప్పుడు మొదలు తవ్వే గొడవ ఉండదు. నాగజెముడులో ముళ్ళు లేని రకమైనా కణుపుల దగ్గర నూగులాంటి సన్నముళ్ళుంటాయి, అవి పోయేలా రుద్దాకే పెట్టండి. గంగవాయిలి కూరలో ఆక్సలేట్లు (కాల్షియం ఒంటికి పట్టకుండా చేసే పదార్థాలు) ఎక్కువ, అప్పుడప్పుడు నాలుగు రెమ్మలు చాలు.

లేత మొక్క నాటిన రోజే తాబేలును వదిలితే సాయంత్రానికి అక్కడ మట్టే మిగులుతుంది. ఆవరణను రెండుగా విడదీసి, ఒక భాగం మేస్తుండగా రెండోదాన్ని పెరగనివ్వండి. తాబేలు వేళ్ళు తవ్వకుండా పొద మొదట్లో చదును రాళ్ళను సగం వరకూ పాతిపెట్టండి. గుట్టగా పేరిస్తే వాటిమీదికెక్కి వెల్లకిలా పడుతుంది. ఎండలో అలా ఉండిపోతే ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: నర్సరీ నుంచి తెచ్చిన మందారను కడిగి వెంటనే నాటొచ్చా?

జవాబు: వద్దు. చాలామంది తడబడేది ఇక్కడే: మొక్క పేరు చూస్తారు, దానితో వచ్చిన మందును మరిచిపోతారు. ఇమిడాక్లోప్రిడ్‌లాంటి పురుగుమందు వేరు ద్వారా ఆకులోకి ఎక్కుతుంది కాబట్టి పైపైన కడిగితే పోదు. కుండీలో వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిని దులిపి, శుభ్రమైన మట్టిలోకి మార్చి, కొన్ని నెలలు విడిగా పెంచండి. ఏడాది ఆగగలిగితే మరీ మంచిది. ఆ పాత మట్టిని ఆవరణలో పోయకండి: అందులో కనిపించే తేలికైన తెల్లని ముక్కలు పెర్‌లైట్, గుండ్రటి పూసలు నెమ్మదిగా కరిగే ఎరువు. తాబేలు రెంటినీ కొరుకుతుంది, పెర్‌లైట్ ఎక్కువైతే పేగులో అడ్డుపడుతుంది. విత్తనం నుంచో, మందు కొట్టని చెట్టు కొమ్మ నుంచో పెంచుకుంటే ఈ బెడదే ఉండదు.

ప్రశ్న: పేరు తెలియని ఆకు తినేసింది. ఏం చేయాలి?

జవాబు: మిగతా ఆకుల్ని అందకుండా తీసేయండి. వాంతి చేయించాలని చూడకండి, నూనెలూ పసర్లూ పోయకండి. ఆ మొక్క కొమ్మను, పువ్వుంటే పువ్వుతో సహా కవర్లో వేసుకుని, ఎంత తిన్నదో, ఎన్ని గంటలైందో రాసుకుని, సరీసృపాలను చూసే పశువైద్యుల దగ్గరికి వెంటనే వెళ్ళండి. లక్షణాలు కనబడే దాకా ఆగొద్దు, తాబేలులో అవి ఆలస్యంగా బయటపడొచ్చు.