పదో తరగతి, రెండు ఆటలు: బాస్కెట్‌బాల్ మాన్పించాలా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఆగస్టు నుంచి స్కూలు జూనియర్ వర్సిటీ (రెండో స్థాయి) వాలీబాల్ జట్టులో లిబెరోగా, అంటే వెనుక వరుసలో బంతిని అందుకునే రక్షణ స్థానంలో ఆడుతోంది. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఆ సీజన్ ముగియకముందే, ఈ నెలాఖరున జరిగే బాస్కెట్‌బాల్ ఎంపికలకు కూడా వెళ్తానంటోంది. మొదటి గ్రేడింగ్ పీరియడ్‌లో కెమిస్ట్రీలో 72 వచ్చింది. రెండు ఆటలూ మాన్పించాలని మా ఆవిడ పట్టుబడుతోంది. ఇంకోవైపు ఒక వాలీబాల్ క్లబ్ వారు డిసెంబరు నుంచి తమ దగ్గర చేర్పిస్తే కాలేజీ స్కాలర్‌షిప్ ఖాయమంటున్నారు. అమ్మాయికి కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది. మాది హెచ్-1బి ఉద్యోగ వీసా, తనది దానిమీద ఆధారపడిన హెచ్-4. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయిని బాస్కెట్‌బాల్ ఎంపికలకు వెళ్లనివ్వండి. క్లబ్ వాలీబాల్‌ను మాత్రం ఈ ఏడాదికి వద్దనండి. మీ ఉత్తరంలో చదువుకూ ఆటకూ పోటీ పెట్టారు గానీ, చిక్కు అక్కడ లేదు. స్కూలు వాలీబాల్, స్కూలు బాస్కెట్‌బాల్ చాలావరకు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. క్లబ్ సీజన్ అలా కాదు, డిసెంబరు నుంచి వేసవి దాకా సాగుతూ బాస్కెట్‌బాల్ మీదా, చదువు మీదా, వారాంతాల మీదా ఒకేసారి వచ్చి పడుతుంది.

ముందుగా కెమిస్ట్రీ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఆవిడ ఆందోళనలో న్యాయం ఉంది. టెక్సస్‌లో 1984లో చేసిన చట్టం ప్రకారం గ్రేడింగ్ పీరియడ్ ముగిసేసరికి ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే ఆ విద్యార్థి కనీసం మూడు వారాలపాటు పోటీలలో ఆడకూడదు. సాధనకు వెళ్లవచ్చు గాని మ్యాచ్‌లో దిగడానికి వీల్లేదు. మీ అమ్మాయి ఆ గీతకు రెండు మార్కుల దూరంలో ఉంది. కొన్ని పైస్థాయి కోర్సులకు డిస్ట్రిక్టులు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇస్తాయి కనుక, ఈ కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో స్కూలు కౌన్సెలర్‌ను అడిగి తెలుసుకోండి. అయితే మినహాయింపు ఉన్నా 72 మంచి మార్కేమీ కాదు.

ట్యూటర్ కోసం వెతకడానికి ముందు గ్రేడ్ల పోర్టల్ తెరిచి, ఆ 72 ఎలా వచ్చిందో అమ్మాయి పక్కన కూర్చొని చూడండి. పరీక్షలలో పోయిన మార్కులకూ, సమర్పించని ల్యాబ్ రిపోర్టులకు పడిన సున్నాలకూ చేయవలసిన వైద్యం వేరు. వాలీబాల్ మ్యాచ్‌లు ఎక్కువగా మంగళ, శుక్రవారాలలో ఉంటాయి. వేరే ఊళ్లో మ్యాచ్ ఉన్న మంగళవారం బస్సు తిరిగివచ్చేసరికి రాత్రి అవుతుంది, బుధవారం గడువున్న పని అక్కడే మూలపడుతుంది. నేను చూసిన క్రీడాకారుల పోర్టళ్లలో సీజన్ నడుమ కనిపించే నష్టం ఎక్కువగా ఈ రకానిదే. అదే నిజమైతే ఆట మానడం కాదు పరిష్కారం, మంగళవారం పనిని సోమవారం రాత్రికి జరపడం. పాఠం అర్థంకాకపోతే ఉపాధ్యాయులు బడికి ముందో తరువాతో నడిపే ట్యుటోరియల్స్‌కు వారానికి రెండుసార్లు వెళ్లమనండి, అవి ఉచితం. స్కూలు వారంలో బడివేళల బయట ఒక ఆట సాధన 8 గంటలు మించకూడదని టెక్సస్ అంతర్‌పాఠశాలల పోటీలను నడిపే యూఐఎల్ నియమం. ఈ సంగతి మీ ఆవిడకు చెప్పండి, కాస్త నెమ్మదిస్తారు.

ఇక క్లబ్ వారి మాట. స్కాలర్‌షిప్ ఖాయమని ఎవరైనా చెబితే అది అమ్మకం మాట అనుకోండి. హైస్కూలులో వాలీబాల్ ఆడే అమ్మాయిలలో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ జట్లకు చేరేవారు సుమారు నూటికి నలుగురు, అందులో అన్నిటికన్నా పై శ్రేణి అయిన డివిజన్ 1కు చేరేది ఆ నలుగురిలో సుమారు ఒక్కరే. బాస్కెట్‌బాల్‌లోనూ లెక్క ఇంచుమించు ఇంతే. పైగా అమెరికా హైస్కూళ్లలో ఇప్పుడు బాస్కెట్‌బాల్ కన్నా వాలీబాల్ ఆడే అమ్మాయిలే ఎక్కువ. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కాలో కాలేజీ మహిళల వాలీబాల్ చూడడానికి ఒక ఫుట్‌బాల్ స్టేడియానికి 92,003 మంది వచ్చారు. ఆదరణ పెరిగేకొద్దీ ఒక్కొక్క చోటుకూ పోటీ పెరుగుతుంది. అయిదడుగుల నాలుగంగుళాల అమ్మాయి నెట్ దగ్గర దాడిచేసే స్థానంలో పై స్థాయికి చేరడం దుర్లభం. లిబెరోకు ఆ అడ్డు అంతగా లేదు, కానీ ఒక కాలేజీ జట్టులో ఆ స్థానానికి కావలసినవారు ఇద్దరో ముగ్గురో. క్రీడాకారులు వేసిన కోర్టు కేసులో ఎన్‌సీఏఏతో 2025లో కుదిరిన ఒప్పందం తరువాత, అందులో చేరిన డివిజన్ 1 కాలేజీలకు వాలీబాల్‌లో స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టుకు 18 మంది అనే పరిమితి వచ్చింది. దాన్ని చూపి అవకాశాలు పెరిగాయని చెప్పేవారున్నారు. ఆ పద్దెనిమిది మందికీ పూర్తి ఖర్చు ఇచ్చి తీరాలని మాత్రం ఎక్కడా లేదు.

క్లబ్ వారి మాటలో నిజం కూడా కొంత ఉంది, దాచను. కాలేజీ వాలీబాల్ కోచ్‌లు ఆటగాళ్లను ఎక్కువగా క్లబ్ టోర్నమెంట్లలోనే చూస్తారు. డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ముగిసిన తరువాత జూన్ 15 నుంచి విద్యార్థులతో నేరుగా మాట్లాడవచ్చు. కనుక కాలేజీలో ఆడాలన్నది అమ్మాయి కోరికే అయితే, వచ్చే ఏడాది క్లబ్ ఆలోచన చేయక తప్పదు. అప్పుడు ఆ క్లబ్‌ను అడగవలసిన ప్రశ్న ఒక్కటే: గత కొన్నేళ్లలో మీ దగ్గర ఆడిన లిబెరోలు ఏయే కాలేజీలకు వెళ్లారు? నెట్ దగ్గర దాడిచేసే పొడవైన హిట్టర్ల జాబితా చూపించి పంపితే తృప్తిపడకండి. ప్రయాణాలతో కలిపి ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది.

మోకాళ్ల గురించి మీరు అడగలేదు గాని నేను చెప్పాలి. రెండూ గెంతే ఆటలే. మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం ఈ ఆటలలో అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎక్కువ. వారానికి ఒకటి రెండు రోజులు ఆటకు పూర్తి సెలవు, ఒక్కొక్క ఆటకు ఏడాదిలో రెండు మూడు నెలల విరామం ఉండాలని అమెరికన్ శిశువైద్యుల అకాడమీ సూచిస్తోంది. వాలీబాల్ తరువాత బాస్కెట్‌బాల్ ఆడితే భుజానికి విశ్రాంతి దొరుకుతుంది, మోకాలికి దొరకదు. అందుచేత వాలీబాల్ చివరి మ్యాచ్‌కూ బాస్కెట్‌బాల్ పూర్తి సాధనకూ మధ్య ఒక వారం విడువు ఇవ్వమని కోచ్‌ను అడగండి. వాలీబాల్ ప్లేఆఫ్‌లలో ఉన్న పిల్లలు బాస్కెట్‌బాల్‌కు ఆలస్యంగా చేరడం ఇక్కడ మామూలే కాబట్టి ఇది వింత కోరిక కాదు.

బాస్కెట్‌బాల్‌కు ఎందుకు సరే అంటున్నానంటే, కొత్త జట్టులో ఓడి నేర్చుకోవడానికి తక్కువ ఖర్చయ్యే సంవత్సరం పదో తరగతే. పదకొండులో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష, కాలేజీ స్థాయిలో ఉండే బరువైన ఏపీ కోర్సులు ఎదురవుతాయి. మార్చికల్లా బాస్కెట్‌బాల్ సీజన్ ముగుస్తుంది కనుక, ఏ ఆట ఉంచుకోవాలో అప్పుడు తననే తేల్చుకోనివ్వండి.

కాలేజీ ప్రవేశాల విషయంలో మన కుటుంబాలలో రెండు అపోహలు తరచు వింటాను. ఒకటి, ఆటలో ఉంటే మార్కుల లోటు పూడుతుందని. టెక్సస్ చట్టం కింద ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం (యూటీ ఆస్టిన్) ఇచ్చే ఆటోమేటిక్ ప్రవేశం 2026 ఫాల్ నుంచి తరగతిలో మొదటి 5 శాతంలో ఉన్నవారికే, అందులోనూ కంప్యూటర్ సైన్స్ సీటుకు హామీ లేదు. అక్కడ లెక్కలోకి వచ్చేది కెమిస్ట్రీ మార్కే గాని జూనియర్ వర్సిటీ జెర్సీ కాదు. రెండోది, స్కాలర్‌షిప్ లేని ఆట దండగని. డివిజన్ 3 కాలేజీలు క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వవు, కానీ ఎంఐటీ, షికాగో, ఎమొరీ విశ్వవిద్యాలయాలూ, శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ ఆ డివిజన్‌లోనే ఆడతాయి. మార్కులు బలంగా ఉన్న విద్యార్థి విషయంలో అక్కడి కొన్నిచోట్ల కోచ్ మాట ప్రవేశానికి తోడ్పడుతుంది. మీ ఇంటికి దగ్గరలోని యూటీ డాలస్ కూడా మొన్నటి దాకా డివిజన్ 3లో ఉండి, ఇప్పుడు డివిజన్ 2కు మారుతోంది. మీ అమ్మాయి వంటివారికి అసలైన దారి ఇటువైపే ఉందని నా అభిప్రాయం.

తన ఆటనూ, తాను చదవాలనుకుంటున్న చదువునూ కలిపే పని ఒకటి చెబుతాను. సర్వ్ అందుకున్న ప్రతి పాస్‌కూ కోచ్‌లు 0 నుంచి 3 వరకు మార్కు వేస్తారు. దాడికి బంతిని ఎత్తి అందించే సెట్టర్ ఉన్నచోటి నుంచి కదలనక్కరలేకుండా బంతి అందితే 3, ప్రత్యర్థికి నేరుగా పాయింటు పోతే 0. ఈ సీజన్ కాగితాలు కోచ్ దగ్గర అడిగి తీసుకొని, ఆటగాళ్లు స్థానాలు మారే ఆరు రొటేషన్లలో ఏ రొటేషన్‌లో జట్టు సగటు పడిపోతోందో చూపే చిన్న ప్రోగ్రాం రాయమనండి. కాలేజీ దరఖాస్తులకు వాడే కామన్ యాప్‌లో ఒక్కొక్క కార్యకలాపానికి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. అక్కడ ఆటతోపాటు ఈ పనినీ నిజమైన గంటలతో రాసుకోవచ్చు.

వీసా విషయం. హెచ్-4లో ఉన్నంతమాత్రాన కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్‌కు అనర్హత రాదు. 21 ఏళ్లు నిండేలోపు ఎఫ్-1 విద్యార్థి వీసా వంటి మరో స్థితికి మారవలసి ఉంటుంది, అది ఆడినా ఆడకపోయినా తప్పదు. జాగ్రత్తపడవలసింది ఇంకొకటి ఉంది: 2021 జూలై నుంచి కాలేజీ క్రీడాకారులు తమ పేరు, రూపం వాడుకోనిచ్చి ప్రకటనల ద్వారా సంపాదించవచ్చు. పిల్లలకు హెచ్-4 మీద పని అనుమతి ఉండదు కనుక ఆ ఆదాయం ఆమె స్థితికే ముప్పు తేవచ్చు. కాలేజీ జట్టులో చేరాక అలాంటి కాగితం ఏది వచ్చినా, ఉచితంగా ఇచ్చే బూట్లకు బదులుగా ఒక ఫొటో పెట్టమన్న చిన్న ఒప్పందమైనా సరే, ఇమ్మిగ్రేషన్ న్యాయవాది చదివిన తరువాతే సంతకం చేయమనండి.