ఆ ల్యాప్‌టాప్ తెరవకముందే ఇది చదువు

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ పనులు మొదలుపెడుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఇంత సంగతి నాకు చెప్పకుండా దాచావని కోపం వచ్చిన మాట నిజం. ఫోన్ పెట్టేసేసరికి కోపం పోయి, "మా బుజ్జి చేసుకోగలదులే" అన్న గర్వమే మిగిలింది. అంతా బాగానే ఉండేదిగానీ అక్క చివర్లో ఇంకో మాట అంది. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంకా మీ ఇంట్లోనే ఉందట, కొరియర్ వాళ్లు వచ్చేలోపు, నువ్వు కొనుక్కుని అందులో వేసుకున్న సాఫ్ట్‌వేర్ తీసేసుకుంటావట. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. ఉద్యోగం మానేసేవాళ్ల మెషీన్లు వెనక్కి తీసుకుని, ఫార్మాట్ కొట్టి, ఇంకొకరికి ఇవ్వడమే కదా నేను రిటైరయ్యేదాకా చేసిన పని!

కాబట్టి ముందు ఆ ల్యాప్‌టాప్ మూత తెరవకు. రిలీవ్ అయిన రోజుతోనే దాన్ని వాడుకునే అనుమతి కూడా అయిపోయినట్టే. లైసెన్స్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కు, నీదే కావచ్చు, మెషీన్ నీది కాదు. అద్దెకున్న ఇంట్లో మన డబ్బుతో ఏసీ పెట్టించుకుంటాం, నిజమే. ఇల్లు ఖాళీ చేసి తాళం ఇవ్వాల్సిన రోజు దాటాక, ఓనరుకి చెప్పకుండా వెళ్లి దాన్ని విప్పుకుని వస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారు? పైగా చాలా ఆఫీసుల్లో ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ పెన్‌డ్రైవ్ పెట్టారు, ఏ ఫైళ్లు కాపీ అయ్యాయి అన్నీ రికార్డవుతాయి. నువ్వు తీసుకున్నది నీ వస్తువే అయినా, ఆ రికార్డు చూసేవాడికి కనిపించేది "మానేసిన మనిషి ఫైళ్లు కాపీ చేసింది" అన్న ఒక్క ముక్కే.

మీ ఐటీ వాళ్లకి ఒక మెయిల్ పెట్టు, హెచ్ఆర్‌ని కూడా అందులో కలుపు. "నా సొంత డబ్బుతో కొన్న ఫలానా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఈ మెషీన్‌లో యాక్టివేట్ అయి ఉంది. ఇన్‌వాయిస్ జతచేశాను. మెషీన్ పంపేముందు మీ ముందే, లేదా మీరు రిమోట్‌లో చూస్తుండగా, దాన్ని డీయాక్టివేట్ చేసుకోవడానికి అనుమతివ్వండి." ఇంతే చాలు. డీయాక్టివేట్ అంటే లైసెన్స్‌ని ఆ మెషీన్ నుంచి విడిపించడం. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. ఫోన్లో "సరే" అన్నవాడు వారం తిరిగేసరికి సెలవులో ఉంటాడు.

అనుమతి రాకపోయినా కంగారు పడకు. చాలా కంపెనీల సైట్లలో మన అకౌంట్‌లోకి వెళ్తే ఏయే మెషీన్లలో యాక్టివేట్ అయిందో కనిపిస్తుంది, అక్కణ్నుంచే తీసేయొచ్చు. ఫోటోషాప్ చేసే అడోబీ వాళ్ల వ్యక్తిగత ప్లాన్ అయితే 2 కంప్యూటర్లలో యాక్టివేట్ చేసుకోనిస్తారు, పాతదాన్నుంచి సైన్ ఔట్ ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. ఇబ్బందల్లా మెషీన్‌కి కట్టేసిన లైసెన్సులతోనే. అవి నెట్‌వర్క్ కార్డు నంబరో, హార్డ్ డిస్క్ నంబరో పట్టుకుని ఉంటాయి. వాటిని ఆ మెషీన్‌లోంచే విడిపించాలి, లేదా కంపెనీ సపోర్ట్ వాళ్లని బతిమాలుకోవాలి.

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకో. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే లైసెన్స్ విడుదలైపోతుందని అనుకోకు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అవుతుంది, చాలావాటిలో కాదు. ముందు డీయాక్టివేట్, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్.

ఇప్పుడు అసలు భయం చెప్తాను. నీ లైసెన్స్ ఏ మెయిల్ మీద రిజిస్టర్ అయి ఉంది?

మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు, నాకంటే పెద్దవాడు. మెషీన్ పార్టుల డ్రాయింగులు గీసేవాడు. ఆఫీసు కొనిచ్చిన సాఫ్ట్‌వేర్ ఆయనకి నచ్చక, జీతంలో దాచుకున్న డబ్బుతో మంచిది ఒకటి కొనుక్కున్నాడు. రిజిస్ట్రేషన్ ఫారంలో మెయిల్ అడిగితే, అప్పటికి స్క్రీన్ మీద తెరిచి ఉన్న ఆఫీసు మెయిల్ కొట్టేశాడు. కొన్నేళ్లు ఏ గొడవా లేదు. మానేసేరోజు పద్ధతిగా సాఫ్ట్‌వేర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, టేబుల్ తుడిచి మరీ మెషీన్ నా చేతికిచ్చాడు. సాయంత్రానికి ఫార్మాట్ కొట్టాను. రూల్ అది.

కొత్త మెషీన్‌లో వేసుకోబోతే, "మీ యాక్టివేషన్లు అయిపోయాయి" అని వచ్చింది. అకౌంట్‌లోకి వెళ్లి పాతది తీసేద్దామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు. మార్చుకోవాలంటే లింక్ వెళ్లేది ఆఫీసు మెయిల్‌కి. అది ఆయన మానేసినరోజే మూసేశారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రాస్తే, "రిజిస్టరైన మెయిల్ నుంచి రాయండి" అన్నారు. ఆ మెయిల్ ఒక్క గంట తెరవమని ఆఫీసుని అడిగితే, అందులో క్లయింట్ల ఉత్తరాలున్నాయి కుదరదన్నారు. ఆ మాటలోనూ తప్పులేదు. అంతటితో అయిపోలేదు. మెయిల్ చివర ఆఫీసు పేరు చూసి, ఈ లైసెన్స్ మీదా అని సాఫ్ట్‌వేర్ వాళ్లు మా మేనేజర్నే అడిగారు. ఆయన పెద్దగా ఆలోచించకుండా, "మా మెయిల్ మీద ఉంటే మాదే అయ్యుంటుంది" అనేశాడు.

తను అన్నేళ్లు పనిచేసిన ఆఫీసులో విజిటర్ బ్యాడ్జి తగిలించుకుని, రిసెప్షన్‌లో ఆ మనిషి కూర్చోవడం నేను చూశాను. పక్కన కూర్చుని కాఫీ ఇప్పించడం తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఆఖరికి ఆయన పేరుతో ఉన్న రశీదు, సొంత బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తే లైసెన్స్ ఆయనకి మార్చారు. ఈలోగా మొదటి క్లయింట్ ఆగలేక ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయాడు. అజాగ్రత్త మనిషని ఎవ్వరూ అనలేరు ఆయన్ని. నీకంటే వందరెట్లు పద్ధతి గల మనిషి.

నీ సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు నా కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చేసి, అదేమిటో నువ్వే మర్చిపోయావు. ఇద్దరం దాని ముందు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నాం. నేను తిట్టేలోపే నువ్వు ఏడ్చావు, ఇంక ఏం తిడతాను!

అందుకని ఇవాళే నీ సొంత ఫోన్‌లోంచి అకౌంట్ తెరిచి మెయిల్ చూడు. ఆఫీసుదైతే వెంటనే సొంతదానికి మార్చు, లోపలికి వెళ్లగలుగుతున్నప్పుడే. ఓటీపీ ఏ నంబరుకి వస్తోందో, లాగిన్ కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్ ఏ ఫోన్‌లో ఉందో కూడా చూసుకో. ఆఫీసు ఇచ్చిన ఫోన్‌లో ఉంటే అదీ పోయినట్టే.

డబ్బు నువ్వే కట్టావా, కట్టాక ఆఫీసులో క్లెయిమ్ చేశావా? నిజం చెప్పు. క్లెయిమ్ చేసి ఉంటే అది నీదని వాదించకు. ప్రోగ్రాములు రాసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ అమ్మే జెట్‌బ్రెయిన్స్ కంపెనీ అయితే వ్యక్తిగత లైసెన్స్ డబ్బు ఆఫీసు తిరిగివ్వకూడదని నిబంధనే పెట్టింది. కాలేజీలో కొన్న స్టూడెంట్ లైసెన్స్ అయితే దాంతో క్లయింట్ల పని చెయ్యొచ్చో లేదో నిబంధనలు చదువు, కొన్నిటిలో కుదరదు, అలాంటిదైతే కొత్తది కొనాల్సిందే. ఫాంట్లు, సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించుకునే ప్లగిన్లు విడిగా కొన్నావేమో చూడు, వాటి లైసెన్సులు వేరే ఉంటాయి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ జోలికి వెళ్లకు, అది ఆ మెషీన్‌ది.

డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు అమర్చుకున్న బ్రష్‌లు, షార్ట్‌కట్ సెట్టింగులు కావాలంటే అదే మెయిల్‌లో అడుగు. ఆఫీసు పనికోసం నువ్వు చేసిన డిజైన్ ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా తెచ్చుకోకు. నువ్వు రాత్రులు కూర్చుని చేశావని తెలుసు. అయినా సాధారణంగా అవి వాళ్లవే, నీ ఉద్యోగ ఒప్పందం తీసి చదువు. నీ పర్సనల్ క్లౌడ్‌లోకి వాటంతటవే సింక్ అయినవి ఉంటే, దాచకుండా వాళ్లకి చెప్పి, వాళ్లన్నట్టు చెయ్యి.

రశీదు దొరగ్గానే నాకు ఫొటో పంపు, నేనూ ఒక కాపీ ఉంచుకుంటాను. దొరక్కపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ వెతుకు. ఐటీ వాళ్లకి రాసే మెయిల్ పంపేముందు నాకు చూపిస్తే మంచిది. కొరియర్ వాళ్లు రేపే వస్తామంటే, ఎంత రాత్రైనా సరే, ఫోన్ చెయ్యి.

మీ మావయ్య